గొట్టం పక్కన కూర్చోనివ్వమని

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఊపిరితిత్తి ఆపరేషను జరిగిన నా భర్త మంచం వద్దకు నన్ను తిరిగి అనుమతించు విషయమై.

1. నా భర్త బ్యాండు మేళంలో బాకా ఊదువారు. తమ ఆసుపత్రిలో ఆయన ఊపిరితిత్తిలో కొంత భాగం తీసివేసి, ఛాతీకి గొట్టం అమర్చి, దాని కొసను మంచం కింద నీళ్ల సీసాలో ఉంచినారు. లోపలి గాలి ఆ నీళ్లలో బుడగలై పోవలెననియు, గొట్టం ఎక్కడా నలగరాదనియు నర్సమ్మ నాకు బోధపరచినది.

2. పెద్ద డాక్టరుగారు విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చి, బుడగలు చూపించుటకై నా భర్తను దగ్గమనేవారు. ఆయన కుట్లు పట్టుకుని దగ్గేవారు. “ఇంతేనా? బాకా ఊదేవాడివి, దమ్ము చూపించవయ్యా!” అంటే అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. నవ్వితే ఇంకా నొప్పి. ఇందుపై నాకు ఫిర్యాదు లేదు.

3. నిన్న ఎవరో మంచం పక్క కమ్మీ దించగా గొట్టం దాని కింద పడి నలిగినది. బుడగలు ఆగినవి. “బుడగల్లేవంటే మానిపోయినట్టే, సంతోషించమ్మా” అన్నారు డాక్టరుగారు. కాసేపటికే నా భర్త మెడ, ముఖం ఉబ్బి కళ్లు పూడుకుపోయినవి. గాలి చర్మం కిందికి చేరిందట. అప్పుడైనా గొట్టం చూస్తారనుకున్నాను. చూడలేదయ్యా. విద్యార్థులను పిలిచి, “నొక్కి చూడండి, ఇసుకలా కరకరలాడుతుంది. ఇలాంటి కేసు మళ్లీ దొరకదు” అన్నారు. వరసగా నొక్కినారు. ఒకమ్మాయి సరిగ్గా తెలియలేదని మళ్లీ నొక్కింది. “ఊపిరాడట్లేదే” అని ఆయన నా చెయ్యి వెతుక్కున్నారు.

4. నేను వారిని తోసుకుని వెళ్లి కమ్మీ ఎత్తితిని. సీసాలో నీళ్లు ఒక్కసారిగా మరిగినట్టు పొంగినవి. ఆయనకు ఊపిరాడింది. విద్యార్థులు చప్పట్లు కొట్టినారు. డాక్టరుగారు మాత్రం “ఎవర్నడిగి చెయ్యి పెట్టావ్? బయటికి పో” అని నన్ను గెంటించినారు.

5. కావున గొట్టం చూచుకొనుటకు మాత్రమే నన్ను అనుమతింప ప్రార్థన. ఎవరితోనూ మాట్లాడను. దేనినీ ముట్టను. నలిగితే పిలుస్తాను, అంతే.

ఈ నాలుగు ముక్కలూ దయతో చిత్తగించి, నేడే ఉత్తరువు ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
బాకా ఆయన భార్య

తా.క.: అయ్యా, సంతకం చేస్తుండగానే గేటుమనిషి వచ్చాడు. పొద్దున “పోవే” అన్నవాడే “లోపలికి రండమ్మా, ఎంతసేపైనా కూర్చోండి, ఇంక ఎవరూ ఏమీ అనరు” అన్నాడు. కమ్మీ మళ్లీ దించారా అని అడిగితే, ఆయన బట్టలు తీసుకెళ్లాలట.

నేను వెళ్లను. పై విన్నపం కొట్టేయండి బాబూ. నన్ను లోపలికి రానివ్వద్దని మీరే ఒక ముక్క రాసివ్వండి.