శామ్యూల్ తీగ

శామ్యూల్,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నేరేడ్‌మెట్‌లో మీవాళ్ళు పెట్టిన జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళి, అటునుంచి అటే ఆఫీసుకి వచ్చాను. ఇక్కడా అందరూ నిన్ను పొగడటమే.

మనం రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒక పని ఆపి ఇంకో పనికి మారడానికి ఎంత టైమ్ తీసుకుంటుందో చూడాలి. కొత్తగా చేరిన స్వరూప ఆ కోడ్ మధ్యలో, టైమ్‌ని తెర మీద చూపించే ప్రింట్ లైన్లు పెట్టింది. ఆ ప్రింట్లకే బోలెడు టైమ్ పోయి, మంచి కోడ్ కాస్తా నత్తలా కనిపించింది.

"గట్ల కాదమ్మా, శామ్యూల్ తీగ పెట్టు" అన్నారు మేనేజర్ నర్సింగరావు గారు. కోడ్ మొదట్లో బోర్డు మీది ఒక పిన్ను ఆన్ చేసి, చివర్లో ఆఫ్ చేసి, దానికి తీగ కలిపి, అది ఎంతసేపు ఆన్‌లో ఉందో ఆసిలోస్కోప్ తెర మీద గీతలో చూడటం నీ పద్ధతి. తీగ స్టోర్సుది, అతికించింది నేను, పేరు మాత్రం నీది.

నాకు ఒళ్ళు మండింది. పిన్ను ఆన్, ఆఫ్ చెయ్యడానికీ కాస్త టైమ్ పడుతుంది కదా. మధ్యలో కోడేమీ లేకుండా ఆన్ చేసి వెంటనే ఆఫ్ చేశాను. తెర మీద సన్నటి గీత వచ్చింది. అదే పిన్నుకి పట్టే టైమ్, దాన్ని మొత్తంలోంచి తీసెయ్యమని స్వరూపకి చెప్పాను.

నర్సింగరావు గారు మురిసిపోయారు. "గిది సుత శామ్యూల్ చెప్పిందేనా?"

"కాదండీ, నాదే."

"గట్లనా. శామ్యూల్ ఉంటే ఎప్పుడో చెప్పేటోడు."

నిన్నెప్పుడూ చూడని స్వరూప కూడా తలూపింది.

నువ్వుంటే, అది నాదేనని నువ్వైనా చెప్పేవాడివి.

మూర్తి