ఇయ్యాల ఐతారం గద

దాజీ పేట్,
మంగళవారం

ప్రేమగల అత్తమ్మకు ఆరతి దండం పెట్టి రాస్తున్నది.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా నేను సగం చెప్పి గొడవకు దిగుతానని నాకూ తెలుసు. అందుకే గీతల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. సాయంత్రం మగ్గాల పని దిగాక మీ అబ్బాయి దీన్ని విడీ ఘర్కుల్‌కు, మీరున్న సోనాలి వదిన ఇంటికి తెచ్చిస్తారు.

ముందు మన కుక్కపిల్ల కండె సంగతి. బతికే ఉన్నాడు. నిన్న జంతువుల డాక్టరు స్కానింగ్ చేశాడు. మగ్గంలో నూలు చుట్టే కండె అంత ఉన్నాడని ఆ పేరు పెట్టింది మీరే. ఏడు నెలలైనా వాడు కుక్కలా ఎదగకుండా పిల్లలాగే ఎందుకు ఉండిపోయాడో ఇప్పుడు తెలిసింది. పుట్టుకతోనే కాలేయంలో లోపమట. కడుపు నుంచి వచ్చే రక్తం కాలేయంలో శుభ్రపడాలి. వాడికి ఒక రక్తనాళం పక్కదారి పట్టి, ఆ రక్తం శుభ్రపడకుండానే తలకెక్కుతోంది. మాంసం తింటే మరీ ఎక్కువ. తూలడం, గోడకు తల ఆనించి నిలబడటం, చొంగ కార్చడం అన్నీ దానివల్లే. మీ బీడీల తంబాకు వల్ల కాదు.

ఈ ఒక్క మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ఆ రోజు వాడు తూలుతూ వచ్చి మీ ఒళ్లో పడితే నేనన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీ తంబాకు చేతులతోని వాన్ని ముట్టకుండ్రి. ఇల్లంత జహర్ జేసిండ్రు, విషం జేసిండ్రు." నలభై ఏళ్లు బీడీలు చుట్టి ఈ ఇంటిని నడిపిన చేతుల్ని పట్టుకుని అన్నాను. మీరు ఒక్కటే అన్నారు: "ఇయ్యాల ఐతారం గద, ఆరతీ." గోడకు ఆనించిన ఖాళీ బీడీల చేట చంకన పెట్టుకుని ఆటో ఎక్కారు. సెలవు రోజు గొడవ వద్దంటున్నారని అనుకున్నాను.

నిన్న డాక్టరు, ఏ రోజుల్లో తూలుతాడని అడిగాడు. ఆదివారాలు అని టక్కున చెప్పాను. చెప్పాక మీ మాట అర్థమైంది. బీడీ కట్టలన్నీ శనివారమే కార్ఖానాలో అప్పగిస్తారు. మళ్లీ ఆకు, తంబాకు తెచ్చేది సోమవారం. ఆదివారం మన ఇంట్లో తంబాకు చిటికెడు కూడా ఉండదు. ఉండేది మటన్. బక్కగా ఉన్నాడు, రక్తం పడుతుందని వారం వారం వాడి గిన్నెలో రెండు కలేజీ ముక్కలు, మేక కాలేయం, వేసింది నేనే. తప్పు నాది, మాట పడింది మీరు.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. మీరు వెళ్లాక రెండు ఆదివారాలూ వాడికి తూలడం తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. అది చూసి నేనే గెలిచినట్టు మీ అబ్బాయి ముందు గొప్పగా తిరిగాను. ఎందుకు తగ్గిందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.

ఇకనుంచి వాడికి మాంసం లేదు. మెత్తటి అన్నం, ఉడికిన ఆలుగడ్డ, కొంచెం పెరుగు. ఒకేసారి కాదు, రెండేసి గంటలకు కొంచెం కొంచెంగా రోజుకు ఐదుసార్లు. మూడు పూటలా తియ్యటి సిరప్. మూడు నెలలు ఇలా నిలబడితే పుణెలో ఆపరేషన్ సంగతి చూద్దామన్నాడు. నేను తువ్వాళ్ల కార్ఖానాకు వెళ్తే పెట్టేవాళ్లు లేరు. నిన్నటి నుంచి సెలవు పెట్టి పెడుతున్నా, నా చేతి అన్నం వాసన చూసి మీరు కూర్చునే గడప దగ్గరికి పోయి పడుకుంటున్నాడు. చూసి ఏడ్చాను. కుక్క కోసమే పిలుస్తోందని అనుకోకండి. మీరు లేని ఇల్లు నాకే బాగాలేదు.

మన్నించమని అడిగే మొహం లేకపోయినా అడుగుతూ,
మీ కోడలు
ఆరతి

*

విడీ ఘర్కుల్,
బుధవారం

బిడ్డా ఆరతీ, సల్లగుండు.

రాసేది సోనాలి, చెప్పేది నేను. నీ కాగితం రెండుసార్లు సదివించుకున్న. కోపం ఉండె. లేదని అబద్ధమెందుకు చెప్పాలె.

తంబాకు కాదని నాకు ఎర్కే. కలేజీ అని మాత్రం ఎర్క లేకుండె. నువ్వు రెండు ముక్కలే పెట్టినవు. నాకు నోట్ల పండ్లు లేవు, మెత్తగుంటదని నా ప్లేట్ల కలేజీ ఎక్కువ ఏస్తుంటివి గద? ఆ ముక్కలన్ని కొంగు చాటున కండెగానికే పెట్టిన. నువ్వు చూస్తె బాధపడ్తవని దాసిపెట్టిన. నేను ఈడికి వచ్చినంక వానికి నీ రెండు ముక్కలే మిగిలినయ్. అందుకే తూలుడు తగ్గింది. డాక్టరుకు చెప్పు.

రేపు పొద్దుగాల వస్త. చేట తెస్త, తంబాకు తెస్త. వానికి పెట్టినప్పుడల్ల సబ్బుతోని చేతులు కడుక్కుంట. నువ్వన్నవని కాదు, తంబాకు వానికి నిజంగనే మంచిది కాదని సోనాలి చెప్పింది.

నువ్వు రెండేసి గంటలకని రాసినవు. గడియారం సూసుకుంట కూసుంటె నా చెయ్యి ఆగుతది. దినాం నావి వెయ్యి బీడీలు, నలభై కట్టలు. ఎనిమిది కట్టలు కాంగనే ఒకపారి పెడ్త. ఐదుపార్లు అయితయ్.

ఐతారం కట్టలుండయ్, నాకు లెక్క తెల్వది. ఆ దినం నువ్వే పెట్టాలె. వాడు తినకుంటె నేను పక్కన కూసుంట.

నీ అత్త
యమునాబాయి