అక్క ఉత్తరానికి పదికి ఆరు

సోమవారం, ఉదయం 7:10
తీర్మానం! జర్మన్ భాష గురించి ఎవరేం కూసినా ఆదివారం దాకా సరిదిద్దను. ఇరవై రెండేళ్లుగా జర్మన్ మాస్టర్ని, నోరు కట్టుకోవడం ఎంత పని? అక్క నిన్న తెగేసి చెప్పింది: "భోజనాల దగ్గర మీ బావని ఇంకొక్కసారి దిద్దావంటే నా గడప తొక్కకు." ఆదివారం నా యాభయ్యో పుట్టినరోజు. భోజనం అక్క ఇంట్లోనే. ఎర్ర పెన్ను బీరువాలో. తాళం!

మంగళవారం, సాయంత్రం 5:30
బస్సులో బావ. "జర్మన్‌లో క్రియ ఎప్పుడూ చివర్నే కదరా, మనలాగే!" కాదు. మామూలు వాక్యంలో రెండో చోట. అయినా నవ్వాను. దవడలు నొప్పి. నేను మహానుభావుణ్ణి.

బుధవారం, 11:00
మంగలి: "ఆ భాషలో ఏ మాట ఆడో ఏ మాట మగో ఒక పద్ధతే లేదంట కదండీ?" చాలా మాటలకు చివర చూసి చెప్పొచ్చు. చెప్పలేదు.
11:20. చెప్పాను. సగం గడ్డంతో, పావుగంట. మంగలి బావ కాడు కాబట్టి లెక్కలోకి రాదు.

గురువారం, 4:15
బావ ఫోన్: "జర్మన్‌లో ముద్దుగా మాట్లాడినా తిట్టినట్టే ఉంటుందిరా."
కాదని అరిచాను. "అదిగో, అచ్చం అలాగే," అన్నాడు.

శుక్రవారం, 9:00
బావ ఒక కవరు ఇచ్చి వెళ్లాడు. అక్క రాసిన ఉత్తరం, జర్మన్‌లో! నా పుట్టినరోజు కోసం నాలుగు నెలలుగా దొంగచాటుగా నేర్చుకుందట. "నేను నిన్ను చూసి గర్వపడుతున్నాను, తమ్ముడూ." కళ్లు చెమర్చాయి. కానీ జర్మన్‌లో ఉత్తరం 'నేను' అని మొదలుపెట్టకూడదు, మర్యాద కాదు. బీరువా తాళంచెవి ఏది?
9:40. ఏడు దిద్దుబాట్లు. పదికి ఆరు. 'ప్రయత్నం బాగుంది' అని కూడా రాసి పంపాను. సంతోషిస్తుంది.

శనివారం, 10:00
అక్క ఫోన్ ఎత్తడం లేదు. బావ ఎత్తాడు: "ఏడుస్తోందిరా. రేపు నిన్ను రావొద్దంది."
నా మాట నెగ్గించుకుందామని పుస్తకాలన్నీ తిరగేశాను. 'నేను' అని మొదలుపెట్టకూడదన్న నియమం ఎక్కడా లేదు! ఉత్త పాతకాలపు నమ్మకమట. ఇన్నేళ్లూ పిల్లలకు నూరిపోశాను. సిగ్గుతో చచ్చిపోయాను.
12:00. జర్మన్‌లో క్షమాపణ రాశాను. మొదటి వాక్యం: "పొరపాటు జరిగింది." ఒక్క తప్పు లేదు. పంపాను.

ఆదివారం, 8:30
నా ఉత్తరం తిరిగొచ్చింది. ఎర్ర సిరా! మొదటి వాక్యం కొట్టేసి, పక్కన జర్మన్‌లోనే అక్క రాత: "జరగలేదు, నువ్వు చేశావు. 'నేను' అని మొదలుపెట్టు. పదికి మూడు. పన్నెండింటికి భోజనం."
రెండుసార్లు చదివాను. ఏడ్చాను కూడా. 'నేను' అని మొదలుపెట్టి మళ్లీ రాశాను.
9:15. అక్క ఎర్ర సిరా రాతలో ఒక తప్పుంది. చెప్పను. తీర్మానం, మళ్లీ ఈ రోజు నుంచి! ఎర్ర పెన్ను జేబులో పెట్టుకున్నాను. అక్కకిచ్చేస్తాను, ఆమె దగ్గరుంటేనే క్షేమం. దారిలో బావ కలవకపోతే చాలు.