సీతాఫలం కొమ్మ కుట్టిన గలీబు

చంద్రగిరి, 1944, శుక్రవారం రాత్రి

సాయంత్రం వంటింటి గడపలో కూర్చుని దిండు గలీబు మీద సీతాఫలం కొమ్మ కుడుతున్నాను. పచ్చదారంతో ఆకులు నింపుతుంటే నాకు లోకమే గుర్తుండదు. అంతలో మా ఆయన తాగి వచ్చాడు.

"సంగటి పెట్టకుండా ఈ సూదిపనేందే?" అంటూ జుట్టు పట్టి ఈడ్చి, నా తల గోడకేసి కొట్టాడు. గలీబును మండే పొయ్యిలో పడేశాడు.

అత్త పరుగున వచ్చింది. నా కుట్టుపని చూస్తే మూతి తిప్పుకునే మనిషి, వట్టి చేత్తో నిప్పుల్లోంచి గలీబు లాగింది. మండుతున్న కట్టె తీసి, కొడుకు వీధిలో పడేదాకా వీపున బాదింది.

"నేను పూలు కుట్టుకున్న రవికెను మీ నాయన ఇట్లే కాల్చినాడురా! ఆ పొద్దు నోరు మూసుకుని ఉండినాను!" అని అరిచింది.

గడియ వేసి, బొబ్బలెక్కిన ఆమె చేతికి వెన్న పూశాను.

"నొప్పిగా ఉండాదా అత్తా?"

"ఉండాది. నువ్వు ఏడ్వొద్దు."

ఆయన అరుగు మీద మూలుగుతున్నాడు. తెల్లారితే తలుపు తీయాలి కదా అన్నాను.

"నేను తీస్తాలే. నువ్వు నా వెనకాల నిలబడు," అంది అత్త.

వెనకాల నిలబడాలా, పక్కన నిలబడాలా అని ఆలోచిస్తున్నాను...