పాండిచ్చేరిలో విశాల పెట్టిన అన్నం

రాబర్ట్‌సన్‌పేట,
14-2-1999.

పూజ్యురాలైన అమ్మ పాదాలకు నమస్కరించి దాక్షాయణి రాసే సంగతులు. నీ దయవల్ల మేమంతా బాగానే ఉన్నాం. హొసపేటలో నువ్వూ, తమ్ముడు శ్రీకంఠూ, మరదలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం తమ్ముడి చేత చదివించుకోకు. కళ్లజోడు పెట్టుకుని, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నువ్వే నిదానంగా చదువుకో.

మీ అల్లుడి కడుపునొప్పి సంగతి అడిగావు. మజ్జిగన్నంతో కాస్త తగ్గింది. బట్టల అంగడి నడుస్తోందంటే నడుస్తోంది. బంగారు గనులు మూసేస్తారన్న మాట ఊరంతా ఉంది. పండక్కి కూడా జనం గుడ్డ ముట్టి చూసి, మడత పెట్టేసి వెళ్తున్నారు. నీళ్లు మూడు రోజులకోసారి వస్తున్నాయి. నాన్న కూర్చునే అరుగు మీద ఇప్పుడు బిందెలు పెడుతున్నాం.

ఇక నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న. "తిరువణ్ణామలై బస్సులో వచ్చినవాళ్లు చెప్పారంట, నువ్వు పాండిచ్చేరిలో విశాలను చూసినావంట, నిజమేనా? కన్నతండ్రి పోతుంటే ఎందుకు రాలేదని అడిగినావా?" అని రాశావు. చెల్లెలిని చూశాను అమ్మా. దాని చేతి అన్నం తిన్నాను.

బజారువాళ్లందరం కలిసి వెళ్లిన బస్సు అది. గిరి ప్రదక్షిణం అయ్యాక పాండిచ్చేరిలో సాయంత్రం నాలుగు వరకు ఆపారు. మీ అల్లుడు అందరితో సముద్రం చూడటానికి వెళ్లారు. నేను తలనొప్పి అని చెప్పి తప్పించుకున్నాను. విశాల అత్తగారు ఇక్కడ ఛాంపియన్ రీఫ్ గని కూలీల లైన్లలోనే ఉంటుంది కదా, బయలుదేరే ముందే ఆమె దగ్గరికి పోయి చిరునామా రాయించుకున్నాను. చూసి రావాలనే వెళ్లాను. అంతకుమించి ఏదైనా చెప్పే ధైర్యం అప్పటికి లేదు.

అది ఇటలీవాళ్ల హోటలు. పసుపు గోడలు, లోపల చిన్న పెరడు, తులసిలాంటి ఆకు మొక్కల కుండీలు. ఒక ముసలి దొరసాని నడుపుతోంది. విశాల అక్కడ వంట చేస్తుంది, ఆరేళ్లయిందట. నన్ను చూసి గడప దగ్గరే నిలబడిపోయింది. తలలో సగం నెరిసింది అమ్మా. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది.

"అక్కా, ఒక్కదానివే వచ్చినావా?" అంది.

"ఒక్కదాన్నే."

"అమ్మ బాగుండాదా?"

"బాగుండాది. హొసపేటలో తమ్ముని దగ్గర."

 పెరట్లో మూల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "మాంసం వండే పాత్రలు వేరే ఉండాయి. నీకు నేనే చేసి తెస్తా, గుడ్డు కూడా తగలనీను. భయపడొద్దు" అని లోపలికి వెళ్లింది. చాలాసేపటికి పళ్లెం తెచ్చింది. మన అంగట్లో చీర అంచు కత్తిరించిన ముక్కల్లా పిండితో చేసిన వెడల్పాటి పోగులు, వాటి మీద టమోటా గుజ్జు, ఆ ఆకు వాసన. ముళ్ల చెంచాతో నాకు చేతకాలేదు. "చేత్తో తిను అక్కా, ఎవురూ ఏమనుకోరు" అని ఎదురుగా కూర్చుంది. నిజం చెబుతున్నాను, రుచిగా ఉంది. చిన్నప్పుడు నువ్వు బియ్యప్పిండి సేమియాలా ఒత్తు శావిగ ఒత్తుతుంటే చెక్కపీట పట్టుకోవడానికి మేమిద్దరం పోట్లాడేవాళ్లం, అది గుర్తొచ్చింది. దానికీ గుర్తొచ్చినట్టుంది. నేను నోట్లో పెట్టుకుంటుంటే చూస్తూ కూర్చుంది.

అప్పుడు తనే మొదలుపెట్టింది.

"నాయన పోయినట్టు మా అత్త తంతి ఇప్పించింది. మూడో దినానికి వచ్చినాను అక్కా. బస్టాండులో దిగినాను, బజారు మలుపు దాకా నడిచినాను. మన అంగడి తలుపులు మూసుండేది కనపడింది. మనోళ్లు కాని ఆరోగ్యదాసును చేసుకున్నానని బతికుండంగా పిలవని ఇంటికి ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని పోయేదని అట్లనే తిరుక్కొని వచ్చేసినాను. ఒక్క మాట పిలిచింటే, ప్రాణముండంగానే వచ్చి కాళ్ల మీద పడుతుంటిని."

అమ్మా, నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నీకు రాయవలసింది ఇదే. పదేళ్లుగా నీ దగ్గర దాచాను. నాన్న పిలిచారు. పక్షవాతం వచ్చిన నాలుగో నెలలో, నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు, నా చేత కార్డు రాయించారు. మాట సరిగ్గా రాక, రెండు వాక్యాలకు అరగంట పట్టింది. "మీ అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు, వస్తే చూస్తుందిలే" అన్నారు. ఆ కార్డు నేను పోస్టులో వెయ్యలేదు. నీళ్ల పొయ్యిలో వేశాను.

ఎందుకని అడుగుతావు. నాలుగు నెలలు ఆయనకు అన్నం తినిపించింది నేను, ఒళ్లు తుడిచింది నేను, పక్కబట్టలు ఉతికింది నేను. ఒక్కరోజు కూడా "నువ్వు తిన్నావా అమ్మా" అనలేదు. అడిగింది విశాలను. అంతే. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. మర్నాడు పొద్దున కోపం తగ్గాక ఇంకో కార్డు రాయొచ్చు కదా అనుకున్నాను. రాయలేదు. ఆ తర్వాత పదకొండు రోజులు ఆయన రోజూ "పోస్టుమ్యాన్ వచ్చినాడా?" అని అడిగారు. అంగడి ఉత్తరాల కోసమని నువ్వు అనుకున్నావు. నేను "ఇంకా రాలేదు నాయనా" అని చెబుతూ వచ్చాను. పన్నెండో రోజు ఆయన అడగలేదు. మర్నాడు పోయారు. నువ్వు నలుగురిలో విశాలను రాయి, బండ అని తిట్టినప్పుడల్లా నేను పక్కనే ఉన్నాను.

ఇదంతా ఆ బల్ల దగ్గర దానికి చెప్పాను. అది ఏడవలేదు, నన్ను తిట్టలేదు.

"కార్డులో ఏమని రాయించినాడు? ఉండేది ఉన్నట్టు చెప్పు" అంది.

"'విశాలా, ఒకసారి వచ్చి పో. నేనేమీ అనను.'"

"ఇంగొకసారి చెప్పు."

చెప్పాను. పేరు పెట్టి పిలిచాడా, పాప అన్నాడా అని అడిగింది. పేరే అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపు రాలేదు. దొరసాని ఒకసారి వచ్చి నా వైపు చూసి, నీళ్ల గ్లాసు పెట్టి వెళ్లింది. బస్సు వేళ అయింది. నేను లేవలేక, తినలేక కూర్చున్నాను.

చివరికి ముఖం కడుక్కుని వచ్చింది. నా ముందున్న పళ్లెం తీసుకుని, "ఇంగ పో అక్కా, బస్సు తప్పిపోతాది" అంది.

"విశాలా, ఒక మాటయినా అను."

"ఏమనేది? నాయన అననన్నాడు కదా, నేనూ అననులే. అయితే నువ్వు మళ్లీ రావద్దు. అమ్మకు నిజం చెప్పు. చెప్పినాక, రావాలనిపిస్తే అమ్మను రానీ. ఇప్పుడైనా పోస్టులో వెయ్యి."

వీధి మలుపు వరకు వచ్చి నిలబడింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి లేదు.

అమ్మా, చిరునామా వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. అక్కడ నీకు పదేళ్ల మనవరాలు ఉంది. ఐదో తరగతి చదువుతోంది. ఆరోగ్యదాసు వ్యాను నడుపుతాడు, మంచివాడేనని విశాల అత్తగారు చెప్పింది. నీ మోకాళ్లు సహకరిస్తే తమ్ముడిని తోడు తీసుకుని వెళ్లు. నేను రాను. నా మీద నీకు వచ్చే కోపం ఎంతయినా ఉండనీ. దానికి జవాబు రాయడానికి ఆగి, ప్రయాణం మాత్రం ఆపుకోవద్దు. ఈ ఉత్తరాన్ని మీ అల్లుడి చేతికి ఇవ్వకుండా నేనే పోస్టాఫీసుకు నడిచి వెళ్లి వేస్తున్నాను.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన పెద్దది,
దాక్షాయణి.