తండ్రి ముందు తాగని కొడుకు

మంగళవారం రాత్రి

పొగాకు పొగ పిల్లల ఊపిరితిత్తులను ఏం చేస్తోందో తేల్చే నా సర్వే కోసం ఇవాళ ఎనుమాములలో ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పాపకు ఏడాది నిండలేదు, ఛాతీలో పిల్లికూతలు.

ఇంట్లో పొగ తాగేదెవరని వాకిట్లో కూర్చున్న తాతను అడిగాను.

"నా కొడుకు నా ముంగట ఎన్నడు సిగరెట్ ముట్టలే బిడ్డా. నేనంటే గంత ఇజ్జత్" అన్నాడు గర్వంగా.

పాపను చూడటానికి లోపలి గదిలోకి వెళ్తే పొగకు నా గొంతే పట్టేసింది.

"మామకు కనవడొద్దని తలుపేసుకొని ఈడనే తాగుతడు మేడం. నేను చెప్పిన్నని అనకుండ్రి, నన్ను బతకనియ్యడు" అంది కోడలు, పాప వీపు నిమురుతూ.

వాసనతో నేనే కనిపెట్టానంటే అతను నమ్ముతాడా?

పొగ మానమని ఊరూరా చెప్పేదాన్ని. రేపు అతన్ని పక్కకు పిలిచి, "మానేదాకా వాకిట్లకు పోయి మీ నాయిన ముంగటనే తాగు తమ్మీ" అనాలి.