మార్తమ్మ బాతులు, నా గంప

మే నెల, ఆదివారం రాత్రి

నన్ను నేనే అడుగుతున్నాను: పొరుగువాళ్ళది ఆశించకూడదని ప్రసంగించిన పాస్టరువి, నువ్వే మార్తమ్మను చూసి కుళ్ళుకున్నావా లేదా, చెప్పు?

మా పెరట్లో పెట్టిన ప్రార్థనలో అరుస్తాయని మధ్యాహ్నం ఎండలోనే కోళ్ళను గంప కింద మూశాను. పక్కింట్లో మార్తమ్మ పందిరికి తడి గోనెపట్టాలు కట్టి, పెద్ద కాగు నేలలో పాతి నీళ్ళు నింపింది. అందులో మునిగి లేచే బాతులను చూస్తూ నా జనం ప్రసంగమే మరిచారు.

"అయ్యగారూ, గంప ఎత్తండి! మీ వాక్యం ఇనేలోపల సచ్చిపోతాయి!" అని గోడమీద నుంచి నవ్వింది.

అక్షరం రాని ఆమె నాకు చెప్పడమా? ఆమెన్ అనేదాకా ఎత్తలేదు. రెండు చచ్చాయి. ఆమెకు ఒక్కటీ పోలేదు. కడుపు ఇంకా మండుతోంది.

మిగిలిన ఎర్రపెట్ట నోరు తెరిచి రొప్పుతోంది. తెల్లారితే మళ్ళీ అదే ఎండ. బైబిలు మూసి, ఇప్పుడే ఆమె తలుపు తట్టు, గోనెపట్టా అడుగు.